రోబో చేతికి చిన్న వార్మ్ గేర్ ఎలాంటిది తీసుకోవాలి? కరెంటు పోతే చెయ్యి దబ్బున పడిపోతోంది

బత్తాయితోట (హాలియా)

అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె. డిప్లొమా అయిపోయింది, ఇంట్లో బత్తాయి తోట చూసుకుంటూ తీరిక దొరికినప్పుడల్లా ఒక రోబో చెయ్యి చేస్తున్నాను. కాయను పట్టుకుని సైజు ప్రకారం వేరే ట్రేలో పెట్టాలి, అంతే పని. చెయ్యి పొడవు భుజం నుంచి 350 మి.మీ. చివర గ్రిప్పరు (కాయను పట్టుకునే పంజా), కాయ కలిపి 400 గ్రాములు ఉంటాయి, చెయ్యి బరువు ఇంకో 400 గ్రాములు.

భుజం దగ్గర ఇప్పుడు నెమా 17 స్టెప్పర్ (మెట్టు మెట్టుగా తిరిగే మోటారు) పెట్టి బెల్టుతో 5:1 తగ్గించాను. కరెంటు ఉన్నంతసేపు పర్వాలేదు. మా దగ్గర సాయంత్రం పూట కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మొన్న కాయ పట్టుకుని పైకి లేపిన టైములోనే పోయింది, చెయ్యి దబ్బున బల్ల మీద పడి గ్రిప్పరు సర్వో కొమ్ము విరిగింది, కాయ చితికింది. అదే చోట మా తమ్ముడి వేళ్లు ఉండి ఉంటే అన్న ఆలోచన వచ్చినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. వార్మ్ గేర్ (స్క్రూ లాంటి వార్మ్, అది తిప్పే పళ్ల చక్రం అంటే వీల్) పెడితే కరెంటు పోయినా ఉన్నచోటే ఆగుతుందని చదివాను, అందుకే అటు మారదామని.

ఆన్‌లైన్‌లో చూస్తే 0.5 మాడ్యూల్, 1 మాడ్యూల్ (పళ్ల సైజు), 20 పళ్లు, 30 పళ్లు, 40 పళ్లు, ఇత్తడి, ప్లాస్టిక్, సింగిల్ స్టార్ట్, డబుల్ స్టార్ట్ అని ఏవేవో ఉన్నాయి. ఇంతకుముందు ఒక ఇత్తడి వీల్ ఒకచోట, స్టీలు వార్మ్ ఇంకోచోట కొన్నాను. రెండూ 0.5 మాడ్యూలే అని రాశారు, కానీ కలిపితే పళ్లు కూర్చోవడం లేదు, తిప్పితే పట్టేస్తోంది. నల్గొండలో పాత కారు వైపర్ మోటార్లు కూడా దొరుకుతున్నాయి, అవి పనికొస్తాయా? రేషియో ఎంత తీసుకోవాలి, ఏ మెటల్ తీసుకోవాలి, కొంచెం వివరంగా చెప్పండి.

మిల్లుమెకానిక్ (మిర్యాలగూడ)

తమ్మీ, ముందు నువ్వు కొన్న జంట సంగతి చెప్తా. వార్మ్‌కి చూడీలు (మర గీతలు) కుడివైపు తిరిగేవీ ఉంటాయి, ఎడమవైపు తిరిగేవీ ఉంటాయి. వార్మ్‌ని నిలువుగా పట్టుకుని చూడు, చూడీ గీత ఎడమ నుంచి కుడికి పైకి ఎక్కుతుంటే అది కుడి చూడీ, మామూలు బోల్టు లాగ. నీ వీల్ ఎడమదీ వార్మ్ కుడిదీ అయి ఉంటుంది, లేదా రెండూ ఒకే వైపు తిరిగేవైనా వార్మ్ లావు వేరు అయి ఉంటుంది. మాడ్యూల్ ఒకటే అయినా వార్మ్ లావు మారితే పళ్ల వాలు మారిపోతుంది, అందుకే మామూలు గేర్ల లాగ మాడ్యూల్ చూసి ఎక్కడిదక్కడ కొనుక్కొచ్చి కలపడం దీనికి కుదరదు. ఒకే దుకాణంలో, ఒకే డబ్బాలో, జంటగా కొను.

రెండోది అందరూ మర్చిపోయేది, నన్ను అడిగితే మొట్టమొదట చూడాల్సింది అదే. వార్మ్ తిరుగుతూ వీల్‌ని తిప్పుతుంటే వీల్ ఊరికే ఉండదు, వార్మ్‌ని దాని షాఫ్టు పొడుగునా వెనక్కి తోస్తుంది. ఆ తోపుడు ఎవరు మోస్తారు? వార్మ్‌ని నేరుగా మోటారు షాఫ్టుకి గ్రబ్ స్క్రూతో బిగించావనుకో, మోటారు లోపలి చిన్న బేరింగు మోస్తుంది, అది ఆ పనికి చేసింది కాదు. కొన్నాళ్లకి షాఫ్టు ముందుకీ వెనక్కీ ఆడుతుంది, చెయ్యి చివర వణుకుతుంది, నువ్వేమో ప్రోగ్రాంలో తప్పుందని వెతుకుతావు. వార్మ్‌కి వేరే షాఫ్టు పెట్టు, రెండు పక్కలా బేరింగులు పెట్టు, పొడుగునా వచ్చే తోపుడు మోసే థ్రస్ట్ బేరింగ్‌కి చోటు ఉంచు, మోటారుని కప్లింగ్‌తో కలుపు.

నాకు తెలిసిన ఒక మిల్లులో ఎలివేటర్ గేర్‌బాక్సు విప్పితే నూనె అంతా బంగారం పొడి కలిపినట్టు మెరుస్తోంది. కంచు వీల్ పళ్లు అరిగి కత్తి అంచులాగ అయిపోయాయి, వేలు పెడితే కోసుకునేలా. ఎవరో బేరింగు మార్చినప్పుడు షిమ్ (సర్దుబాటుకి వేసే పలచని రేకు) తీసేసి మళ్లీ వెయ్యలేదు, వార్మ్ పక్కకి జరిగి పళ్ల ఒక అంచు మీదే బరువు పడింది. ఒక్క సీజన్‌లో అంత పెద్ద వీల్ పోయింది. నీది చిన్నదే, కానీ జరిగేది అదే.

వైపర్ మోటారు కొనకపోయినా ఒకటి విప్పి చూడమని చెప్తా. వార్మ్ ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) షాఫ్టు మీదే చెక్కి ఉంటుంది. చాలావాటిలో షాఫ్టు చివర చిన్న స్టీలు గోళీ, దాని వెనక ఒక స్క్రూ, దానికి లాక్ నట్ ఉంటాయి. నేను చెప్పిన తోపుడు కోసమే అది పెట్టింది. బలంగానే తిరుగుతుంది, కరెంటు పోతే ఆగుతుంది. కానీ కొన్ని ఆంపియర్లు లాగుతుంది, బరువు ఎక్కువ, ఎంత తిరిగిందో నీకు చెప్పదు, సెన్సార్ నువ్వే పెట్టుకోవాలి. గేటు తెరవడానికో నీళ్ల వాల్వు తిప్పడానికో బ్రహ్మాండం. కాయ పట్టుకుని సరిగ్గా ట్రేలో పెట్టే పనికి వద్దు.

పాలమూరుపంతులు (మహబూబ్‌నగర్)

పైన చెప్పిన తోపుడు ఎంతో లెక్క కడితే మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి బాబు. పాలిటెక్నిక్‌లో పిల్లలకు ఇదే చేయిస్తాను.

చెయ్యి అడ్డంగా చాచినప్పుడే భుజం మీద భారం ఎక్కువ. చివర 0.4 కిలోలు, 35 సెంటీమీటర్లు, అంటే 14. చెయ్యి సొంత బరువు 0.4 కిలోలు, అది మధ్యలో ఉందనుకుంటే 17.5 సెంటీమీటర్లు, అంటే 7. మొత్తం 21 కిలో సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బలం). ఒక్కసారిగా కదలడం, ఆగడం ఉంటాయి కాబట్టి రెట్టింపు చేసుకో, 42.

ఇప్పుడు రేషియో. వీల్ పళ్లను వార్మ్ స్టార్టులతో భాగిస్తే వచ్చేదే రేషియో. 40 పళ్లకు సింగిల్ స్టార్ట్ అయితే 40:1, డబుల్ స్టార్ట్ అయితే 20:1. స్టార్టులు ఎన్నో వార్మ్ చివర చూసి లెక్కపెట్టవచ్చు, చూడీ మొదలయ్యే నోళ్లు ఎన్ని ఉంటే అన్ని. ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, 40:1 అనగానే మోటారు బలం 40 రెట్లు అవుతుందనుకుంటారు. వార్మ్‌లో పళ్లు దొర్లవు, జారుతాయి, రాపిడిలోనే సగానికి పైగా పోతుంది. వార్మ్ పిచ్ వ్యాసం (పళ్లు కలిసే చోట కొలిచేది) 16 మి.మీ., 1 మాడ్యూల్, సింగిల్ స్టార్ట్ అనుకుంటే దాని చూడీ వాలు 3.6 డిగ్రీలు. గ్రీజు పెట్టిన స్టీలు మీద ఇత్తడికి సుమారు 40 శాతం సామర్థ్యం అని లెక్కవేసుకో. 42ని 40తో, 0.4తో భాగిస్తే 2.6. నీ నెమా 17 మామూలు సైజుదైతే ఆగి ఉన్నప్పుడు 4 కిలో సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటుంది, స్పీడు పెరిగేకొద్దీ తగ్గుతుంది. నిమిషానికి 200 చుట్ల దగ్గర నడిపితే సరిపోతుంది. అప్పుడు చెయ్యి నిమిషానికి 5 చుట్లు, అంటే 90 డిగ్రీలు కదలడానికి 3 సెకన్లు. కాయలు వేరు చేయడానికి ఆ వేగం చాలు. అదే 20:1 తీసుకుంటే సింగిల్ స్టార్ట్‌లో మోటారు నుంచి 5.2 కావాలి, నీ దగ్గర లేదు.

కరెంటు పోతే ఆగడం అనేది రేషియోని బట్టి కాదు, ఆ వాలును బట్టి. స్టీలు, ఇత్తడి మధ్య గ్రీజుతో రాపిడి గుణకం 0.1 అనుకుంటే దానికి సరిపడే కోణం 5.7 డిగ్రీలు. వాలు దానికంటే తక్కువగా ఉంటే వీల్ వార్మ్‌ని తిప్పలేదు. సింగిల్ స్టార్ట్ 3.6 కాబట్టి ఆగుతుంది. అదే లావులో డబుల్ స్టార్ట్ అయితే 7.1, దాన్ని నమ్ముకోవద్దు. పక్కన కంప్రెసరో మోటారో అదురుతుంటే సింగిల్ స్టార్ట్ కూడా మెల్లగా జారవచ్చు, కాబట్టి తమ్ముడి వేళ్ల సంగతి గేరుకి వదిలేయకుండా చెయ్యి కింద ఒక రబ్బరు ఆపు పెట్టు.

ఇక మాడ్యూల్. 1 మాడ్యూల్ 40 పళ్ల వీల్ పిచ్ వ్యాసం 40 మి.మీ. 42 కిలో సెంటీమీటర్లను 2 సెంటీమీటర్ల అర్ధవ్యాసంతో భాగిస్తే 21 కిలోలు. పంటి మీద పడేది అంతే, వార్మ్‌ని వెనక్కి తోసేదీ అంతే. 0.5 మాడ్యూల్ 40 పళ్లదైతే వ్యాసం 20, తోపుడు 42 కిలోలు, పైగా పన్ను మందం 0.8 మి.మీ. కూడా ఉండదు. పన్ను సగమై భారం రెట్టింపైంది చూడు. 0.5 మాడ్యూల్ గ్రిప్పరుకో కెమెరా తిప్పడానికో సరే, భుజానికి 1 తీసుకో. నెమా 17 డేటాషీట్లలో షాఫ్టు పొడుగునా భారం 10 న్యూటన్లు అని రాస్తుంటారు, అంటే ఒక కిలో. 21 కిలోల తోపుడు దాని మీద పెడితే ఏమవుతుందో మెకానిక్ గారు చెప్పారు.

మిల్లుమెకానిక్ (మిర్యాలగూడ)

సార్ లెక్క చూశాక నా మాట కొంచెం మార్చుకుంటా. 21 కిలోలే అయితే థ్రస్ట్ బేరింగ్ వేరేగా అక్కర్లేదు, 8 మి.మీ. షాఫ్టుకి 608 బేరింగులు రెండు పెడితే అవే మోస్తాయి. కానీ వార్మ్ రెండు పక్కలా షాఫ్టుకి కాలర్ (చుట్టూ ఉబ్బెత్తు రింగు) ఉండాలి, ఆ కాలర్ బేరింగు లోపలి రింగుకి ఆనాలి, బయటి రింగు వెనక గోడ ఉండాలి. అది లేకుండా బేరింగులో షాఫ్టు జారుతూ ఉంటే ఎంత ఖరీదు బేరింగు పెట్టినా వృథా. చెయ్యి పైకి లేపేటప్పుడు ఒక పక్కకి తోస్తుంది, ఎప్పుడైనా నిలువు దాటి అవతలికి వాలితే ఇంకో పక్కకి, అందుకని రెండు పక్కలా ఆనింపు కావాలి.

గ్రీజు మామూలు లిథియం గ్రీజు చాలు. గేర్ ఆయిల్ పోయాలనుకుంటే డబ్బా మీద జీఎల్-5 అని ఉన్నది ఇత్తడి, కంచు వీల్‌కి వద్దు, అందులో కలిపే గంధకం పదార్థాలు పసుపు లోహాల్ని తింటాయి.

ప్రింటింగ్‌పిచ్చి (సూర్యాపేట)

అన్నా, డబ్బులు ఖర్చు పెట్టే ముందు ఒకసారి ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసి చూడు. నేను స్కూల్ పిల్లల సైన్స్ ప్రాజెక్టులకు ఇలాంటివి చేసి ఇస్తుంటాను. 1 మాడ్యూల్ పళ్లు మామూలు 0.4 మి.మీ. నాజిల్‌తో బాగానే వస్తాయి, 0.5 మాడ్యూల్ రాదు. ప్రింట్ గేరుతో నీ ఫ్రేం కొలతలు, చెయ్యి ఎటు తగులుతోంది అన్నీ తెలిసిపోతాయి, తర్వాత లోహంది పెట్టుకోవచ్చు. పీఎల్ఏతో (ప్రింటర్లో వాడే మామూలు ప్లాస్టిక్) చేసి అదే ఉంచేద్దాం అని మాత్రం అనుకోకు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మన దగ్గర మే నెలలో రేకుల షెడ్డు కింద ఎంత కాలుతుందో తెలుసు కదా, దాని మీద రాపిడి వేడి. నేను ఒక సోలార్ ప్లేటు తిప్పే బొమ్మకి పీఎల్ఏ వీల్ పెట్టాను, మధ్యాహ్నం వరకు బాగానే తిరిగింది, సాయంత్రం విప్పి చూస్తే పళ్లన్నీ ఒకవైపు వాలిపోయి వరి పైరు గాలికి పడిపోయినట్టు ఉన్నాయి. నైలాన్ అయితే నయం. ప్లాస్టిక్ వీల్ పెట్టినా వార్మ్ మాత్రం స్టీలుదే పెట్టు, రెండూ ప్లాస్టిక్ అయితే వేడి పోయే దారి ఉండదు.

లేత్ షాపు పరిచయం ఉంటే ఇంకో పద్ధతి ఉంది. ఇత్తడి బిళ్లని స్వేచ్ఛగా తిరిగేలా బిగించి, లేత్‌లో ఎం10 ట్యాపు (10 మి.మీ. బోల్టుకి చూడీలు కోసే పనిముట్టు) తిప్పుతూ దానికి మెల్లగా ఆనిస్తే ట్యాపే బిళ్లని తిప్పుకుంటూ పళ్లు కోస్తుంది. తర్వాత ఎం10 చూడీ రాడ్డే నీ వార్మ్. దాని పిచ్ 1.5 మి.మీ. కాబట్టి 40 పళ్లకు పిచ్ వ్యాసం 19 మి.మీ. చిల్లర రావాలి. బిళ్ల వ్యాసం సరిగా లేకపోతే ట్యాపు ఒక చుట్టు తిరిగి వచ్చాక పాత పళ్ల మధ్యలో కొత్తవి కోసేస్తుంది, రెండు బిళ్లలు పాడుచేసుకున్నాకే నాకు కుదిరింది. గ్రిప్పరు లాంటి తేలిక పనికి ఇది బాగుంటుంది. భుజానికి కొన్నదే పెట్టు.

బత్తాయితోట (హాలియా)

అందరికీ చాలా థాంక్స్. చూడీ నోళ్లు లెక్కపెట్టాను, నా దగ్గరున్న వార్మ్ డబుల్ స్టార్ట్ అని ఇప్పుడు తెలిసింది, చూడీ తిరిగే వైపు కూడా వేరే. 1 మాడ్యూల్, 40 పళ్లు, సింగిల్ స్టార్ట్, ఇత్తడి వీల్, స్టీలు వార్మ్ జంటగా ఆర్డర్ పెట్టాను. వార్మ్ పిచ్ వ్యాసం 16 అని రాసి ఉంది. అంటే రెండు షాఫ్టుల మధ్య దూరం 40, 16 కలిపి సగం, 28 మి.మీ. కదా? మా ఊళ్లో రంధ్రాలు వేసేది చేతి డ్రిల్లుతోనే. 28 అని గీసినా అర మిల్లీమీటరు అటూఇటూ పోతుంది. ఎలా?

మిల్లుమెకానిక్ (మిర్యాలగూడ)

28 కరెక్టే. వార్మ్ బేరింగులు రెండూ ఒకే ప్లేటు మీద ఉంచు, ఆ ప్లేటుకి గుండ్రటి రంధ్రాలు కాకుండా పొడుగు గాళ్లు పెట్టించు, అప్పుడు వీల్ దగ్గరికీ దూరానికీ జరపొచ్చు. బిగించేటప్పుడు పళ్ల మధ్య నోటుబుక్కు కాగితం ముక్క ఒకటి పెట్టి వార్మ్‌ని వీల్‌కి ఆనించి బోల్టులు బిగించు, తర్వాత చేత్తో తిప్పితే కాగితం నలిగి బయటకు వస్తుంది. ఆ మందమే నీకు కావలసిన లూజు. వీల్ మొత్తం ఒక చుట్టు తిప్పి చూడు, ఎక్కడైనా పట్టేస్తే అక్కడ కొంచెం దూరం జరుపు.

ఇంకోటి, నీ వీల్ పళ్లు మధ్యలో లోతుగా గిన్నె అంచులాగ వంగి ఉంటే వార్మ్ సరిగ్గా ఆ వంపు మధ్యలో కూర్చోవాలి. పళ్లకి స్కెచ్ పెన్ను రంగు పూసి పది చుట్లు తిప్పి, రంగు ఎక్కడ పోయిందో చూడు. మధ్యలో పోతే సరే. ఒక అంచునే పోతే వీల్ కింద వాషర్ వేసి జరుపు. నేను చెప్పిన మిల్లులో ఈ చిన్న పని ఎవరూ చెయ్యలేదు.

నల్లమలచుక్కలు (అమ్రాబాద్)

నేను నక్షత్రాల ఫొటోల కోసం కెమెరా తిప్పే మౌంట్ చేశాను. ఇక్కడ కొండ మీద రాత్రిళ్లు చీకటి బాగుంటుంది. నా వీల్‌కి 144 పళ్లు, ఒక పన్ను దాటడానికి దాదాపు 10 నిమిషాలు, కాబట్టి లూజు అంటే ఏమిటో రాత్రంతా కూర్చుని చూశాను.

కాగితం మందం 0.1 మి.మీ. లూజు ఉన్నా నీ వీల్ అర్ధవ్యాసం 20, చెయ్యి 350, కాబట్టి చివర 1.75 మి.మీ. ఆడుతుంది. కానీ భయపడకు. నీ చెయ్యి ఎప్పుడూ కిందికే లాగుతుంటుంది, కాబట్టి పళ్లు ఎప్పుడూ ఒక పక్కకే ఆని ఉంటాయి, లూజు బయటపడదు. చెయ్యి నిలువుగా నిలబడిన చోట మాత్రం బరువు ఎటూ లాగదు, అక్కడ టపటపమని అటూఇటూ కొట్టుకుంటుంది. మేము మౌంట్‌లో కావాలనే ఒక పక్క బరువు ఎక్కువ ఉండేలా కెమెరా పెడతాం. నువ్వు ఒక చిన్న స్ప్రింగ్ కట్టినా అదే పని అవుతుంది. లేదా చెయ్యి నిలువు వరకు వెళ్లకుండా ట్రేలు కింద పెట్టుకో, అది ఇంకా సులువు.

ప్రోగ్రాంలో స్పీడు మెల్లగా పెంచు, మెల్లగా తగ్గించు. వార్మ్ ఆగగానే వీల్ వెనక్కి తిరగలేదు, చెయ్యి ఊపు అంతా పంటి మీదే పడుతుంది.

బత్తాయితోట (హాలియా)

మూడు వారాలు పట్టింది కానీ అయింది. లేత్ షాపులో కాలర్లు చేయించాను, 608 బేరింగులు నల్గొండలోనే దొరికాయి. మొదటిసారి రంగు పూసి చూస్తే వీల్ పై అంచునే చెరిగింది, 0.5 వాషర్ ఒకటి వేస్తే మధ్యలోకి వచ్చింది. ట్రేలు కిందికి మార్చాను, చెయ్యి నిలువు దాకా వెళ్లడం లేదు.

నిన్న కాయ పట్టించి, అడ్డంగా చాపించి, ప్లగ్ నేనే పీకాను. కదల్లేదు. గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి రాత్రంతా అలాగే వదిలేశాను, పొద్దున చూస్తే గీత దగ్గరే ఉంది. తర్వాత పక్కన నీళ్ల మోటారు అరగంట నడిపి చూస్తే ఒక మిల్లీమీటరు దిగింది, పంతులు సార్ అన్నట్టే. రబ్బరు ఆపు కూడా పెట్టేశాను.

మోటారు గంట నడిచాక చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉంది, వీల్ మాత్రం చల్లగానే ఉంది. గ్రీజు ఎన్నాళ్లకి మార్చాలి?

మిల్లుమెకానిక్ (మిర్యాలగూడ)

మొదటి పది గంటలు నడిచాక ఒకసారి పూర్తిగా తుడిచి కొత్తది పెట్టు, కొత్త పళ్లు కూర్చునేటప్పుడు రాలే పొడి అందులోనే ఉంటుంది. తుడిచిన గుడ్డ తెల్లటి కాగితం మీద రుద్ది చూడు. కొంచెం మెరుపు ఉంటే మామూలే. రెండోసారి తుడిచినప్పుడు కూడా అంతే మెరుస్తుంటే వార్మ్ ఎక్కడో పక్కకి జరిగింది, మళ్లీ రంగు పూసి చూడు.